సగం ఇంజను, మడిచే రెక్కలు

మనిషి గాల్లోకి లేవడం ఒక చిక్కుముడి. అలా లేచిన యంత్రాన్ని ఒక మామూలు ఉద్యోగి కొనుక్కుని, ఇంటి దగ్గర పెట్టుకుని, ఆదివారం పూట తానే నడుపుకోవడం ఇంకో చిక్కుముడి. మొదటిది 1903 డిసెంబరులో రైట్ సోదరుల చేతుల్లో విడిపోయింది. రెండోది విడడానికి మరో ఇరవయ్యేళ్ల పైమాటే పట్టింది. మొదటి కథ పాఠ్యపుస్తకాల్లో ఉంది. రెండోది చెప్పేవాళ్లు తక్కువ. నన్నడిగితే రెండోదే రంజుగా ఉంటుంది. అందులో యుద్ధం మిగిల్చిన తుక్కు ఉంది, గూడ్సు బండి చేతిలో ఓడిపోయిన విమానం ఉంది, నిలువునా సగం చేసిన ఇంజను ఉంది. ఆ కథ తిరిగి తిరిగి బళ్లారికీ బేగంపేటకీ కూడా వచ్చింది.

జెఫ్రీ డి హావిలాండ్ ఇంగ్లండులో ఒక పాదిరీ గారి అబ్బాయి. 1882లో పుట్టాడు. ఇంజనీరింగు చదివి, మోటారు బస్సులు తయారుచేసే కంపెనీలో బొమ్మలు గీసే పనిలో ఉండగా విమానాల పిచ్చి పట్టుకుంది. తల్లి తరఫు తాత దగ్గరికి వెళ్లి, తర్వాతెప్పుడో తనకు రావలసిన సొమ్ము ఇప్పుడే ఇప్పించమన్నాడు. తాత 1,000 పౌన్లు చేతిలో పెట్టాడు. ఆ రోజుల్లో అది చిన్న మొత్తం కాదు. స్నేహితుడు ఫ్రాంక్ హెర్ల్ తోడు వచ్చాడు. ఇంజను నమూనా జెఫ్రీయే గీసుకున్నాడు. కొత్తగా పెళ్లయిన భార్య లూయీ చేత్తో తిప్పే కుట్టుమిషను ముందు కూర్చుని రెక్కల గుడ్డంతా కుట్టిపెట్టింది.

1909 డిసెంబరులో ఆ విమానాన్ని హాంప్‌షైర్‌లోని ఒక పచ్చిక దిబ్బ మీంచి కిందికి దొర్లించారు. లేచింది. లేచిన ఆనందంలో జెఫ్రీ విమానాన్ని అదుపు చేసే కర్రను కాస్త గట్టిగా వెనక్కి లాగాడు. ఎడమ రెక్క పుటుక్కున విరిగింది. నెలల తరబడి చేసిన పని క్షణాల్లో కట్టెల కుప్ప అయిపోయింది. రెక్క లోపలి దూలానికి వాడిన కలప బలం చాలనిదని తేలింది. మనిషి మాత్రం గాయాలతో బయటపడ్డాడు. ఆ కుప్పలోంచి ఇంజనును ఏరుకుని మళ్లీ మొదలుపెట్టారు. రెండో విమానం 1910 సెప్టెంబరులో ఎగిరింది. ప్రభుత్వం వారు దాన్ని 400 పౌన్లకు కొనుక్కుని, మనిషిని కూడా ఉద్యోగంలోకి తీసుకున్నారు.

తర్వాత మహాయుద్ధం వచ్చింది. డి హావిలాండ్ గీసిన విమానాలు వేలకొద్దీ తయారయ్యాయి. తెలుగువాళ్లకు పరిచయమైన ఒక పేరు అక్కడ తగులుతుంది. 1918లో బ్రిటిష్ వాయుసేన 110వ స్క్వాడ్రన్‌కు డి.హెచ్.9ఎ రకం బాంబరు విమానాలు హైదరాబాద్ నిజాం కానుకగా అందాయి. ఒక్కో విమానం మీదా నిజాం ఇచ్చాడని రాయించారు. ఆ దళం పేరులోనే హైదరాబాద్ చేరింది. రాజుగారు విమానాలు కొనివ్వగలడు. రాజుగారి గుమస్తా కొనుక్కోగలిగేది ఎప్పుడు? యుద్ధం ముగిసేసరికి డి హావిలాండ్ బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఇంచుమించు ఇదే.

1920లో అతను సొంత కంపెనీ పెట్టాడు. లండను శివారులో స్టాగ్ లేన్ అనే మైదానం, నాలుగు షెడ్లు. యుద్ధంలో మిగిలిపోయిన విమానాలు మార్కెట్లో చవగ్గానే దొరికేవి. కానీ అవి తాగే పెట్రోలుకు, వాటిని దాచే షెడ్డుకు, వెంట ఉండాల్సిన మెకానిక్కులకు జమీందారీ ఒకటి ఉండాలి. చిన్న విమానం కావాలని అందరూ అంటున్నారు. ఎంత చిన్నది అన్న దగ్గర ఎవరి లెక్క వాళ్లది.

1923లో ఒక లెక్క పందెంగా మారింది. ఇంగ్లండు దక్షిణ తీరంలో లిమ్ అనే చోట పోటీలు పెట్టారు. ఇంజను 750 సీసీకి మించకూడదు. అంటే మోటారు సైకిలు ఇంజనుతో మనిషిని ఎగరేయాలి. నెగ్గిన విమానాలు గాలను పెట్రోలుకు 87.5 మైళ్లు ఎగిరి చూపించాయి. మన లెక్కలో లీటరుకు 31 కిలోమీటర్లు! పత్రికలు పండగ చేసుకున్నాయి. ఆ పోటీకి డి హావిలాండ్ కట్టిన విమానం డి.హెచ్.53, హమ్మింగ్ బర్డ్. ఒక్క సీటు. చూడడానికి ముచ్చటగా ఉండేది.

ఆ ముచ్చట ఎంతో చూద్దామని 1923 డిసెంబరులో కంపెనీ పైలట్ అలాన్ కోబమ్ దాన్ని లండను నుంచి బ్రస్సెల్సుకు తీసుకెళ్లాడు. వెళ్లడం బాగానే వెళ్లాడు. తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి పట్టుకుంది. ఇంజను ఎంత అరిచినా విమానం నడక సాగదు. కిందికి చూస్తే రైలు పట్టాల మీద ఒక గూడ్సు బండి మెల్లగా, ఏ తొందరా లేకుండా, తనను దాటిపోతోందట! ఈ సంగతి ఆ కంపెనీ వాళ్లే తర్వాత నవ్వుతూ చెప్పుకునేవారు. నవ్వు వెనక పాఠం గట్టిదే. పందెంలో నెగ్గే ఇంజను వేరు, మనిషికి పనికొచ్చే ఇంజను వేరు. నేర్చుకునేవాడికి పక్కన నేర్పేవాడు కావాలి, అంటే రెండు సీట్లు కావాలి. గాలి ఎదురొస్తే తట్టుకునే మిగులు బలం కావాలి. మోటారు సైకిలు ఇంజనులో ఆ మిగులు లేదు.

సరే, పెద్ద ఇంజనే పెడదామనుకున్నారు. 1924లో డి.హెచ్.51 వచ్చింది. యుద్ధకాలపు 90 అశ్వశక్తి ఇంజన్లు కొత్తవి కొత్తవిగానే తుక్కు ధరకు దొరుకుతున్నాయి. ఒకటి తెచ్చి బిగించారు. విమానం హాయిగా ఎగిరింది. చిక్కు కాగితాల దగ్గర వచ్చింది. ఆ పాత ఇంజనులో ఒక్కో సిలిండరుకు నిప్పురవ్వ ఇచ్చే ఏర్పాటు ఒక్కటే ఉంది. అది ఆగితే ఇంకోటి లేదు. ఇన్ని గంటలు ఎగిరి రుజువు చేస్తే తప్ప అనుమతి కుదరదని అధికారులు పట్టుబట్టారు. అంత ఖర్చు పెట్టే బదులు వేరే ఇంజను పెడితే పోలా అనుకుని 120 అశ్వశక్తిది పెట్టారు. విమానం ఇంకా బాగా ఎగిరింది, కానీ ధర ఎగిరింది దానికన్నా ఎత్తుకు. మొత్తం మూడంటే మూడు తయారయ్యాయి. అందులో ఒకటి కెన్యాకు వెళ్లింది. మిస్ కెన్యా అన్న పేరుతో అది ఇంగ్లండులోని షటిల్‌వర్త్ సంగ్రహాలయంలో ఇప్పటికీ ఎగిరే స్థితిలో ఉంది. ఓడిపోయిన విమానమే మిగిలిన డి హావిలాండ్ కంపెనీ విమానాలన్నింటికన్నా ముసలిదిగా ఎగురుతుండడం చరిత్ర చేసిన కొంటెపని.

ఒకటి బొత్తిగా చిన్నదైంది, ఇంకోటి బొత్తిగా ఖరీదైంది. విమానం కట్టడం వచ్చిన మనిషికి ఆ మధ్యలో ఏం కావాలో తెలుసు. సుమారు 60 అశ్వశక్తి, నమ్మకమైనది, చవకైనది. అలాంటి ఇంజను ప్రపంచంలో లేదు. కొత్తగా తయారుచేయిస్తే చవక కాదు.

ఇక్కడే అదృష్టం తలుపు తట్టింది. లండను దగ్గర క్రాయిడన్‌లో యుద్ధపు సరుకును టోకున అమ్మే ఎయిర్‌క్రాఫ్ట్ డిస్పోజల్ కంపెనీ ఉండేది. గోదాముల నిండా ఫ్రెంచి రెనో ఇంజన్లు. ఎనిమిది సిలిండర్లు, నాలుగేసి రెండు వరుసల్లో ఇంగ్లిషు వి అక్షరం ఆకారంలో ఉండేవి. ఫ్రాంక్ హాల్ఫర్డ్ అనే ఇంజనీరు ఆ 80 అశ్వశక్తి ఇంజనుకు మార్పులు చేసి 120 తెప్పించాడు. డి.హెచ్.51 ధర పెంచేసింది ఈ ఇంజనే. జెఫ్రీ దాన్నే చూస్తూ ఆలోచనలో పడ్డాడు. ఎనిమిదింటికి 120 అయితే నాలుగింటికి 60. ఒక వరుస తీసేస్తే?

హాల్ఫర్డ్‌ను అడిగాడు. సిలిండర్లు గోదాములో ఉన్నాయి, పిస్టన్లు ఉన్నాయి, కవాటాలు ఉన్నాయి. కొత్తగా కావలసింది వాటిని ఒక వరుసలో నిలబెట్టే కింది పెట్టె, మరికొన్ని సామాన్లు. హాల్ఫర్డ్ పనిలోకి దిగాడు. ఆ సగం ఇంజనుకు సిర్రస్ అని ఒక మేఘం పేరు పెట్టారు. ఆవిష్కరణ అనగానే శూన్యంలోంచి ఏదో మెరుపు మెరిసిందనుకుంటాం. ఈ మెరుపు తుక్కు కొట్లో మెరిసింది. దానికి ముందు రెండు విమానాలు ఓడిపోకపోతే, ఆ కొట్టు వైపు అతని చూపే పోయేది కాదు.

ఇంజను ఎంతో తెలిశాక దాని చుట్టూ విమానం కట్టడం వాళ్లకు చేయి తిరిగిన పనే. పలచటి కర్రల చట్రం మీద ప్లైవుడ్డు పెట్టె, రెండంతస్తుల రెక్కలు, ముందొక సీటు, వెనకొక సీటు. రెక్కలకు నార గుడ్డ చుట్టి, పైన డోపు అనే ద్రవం పూతలు పూతలుగా రాస్తారు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుని, వేలితో కొడితే తప్పెటలా మోగుతుంది. జెఫ్రీకి చిన్నప్పటి నుంచి సీతాకోకచిలుకల్నీ, రాత్రి దీపం చుట్టూ తిరిగే మాత్ పురుగుల్నీ సేకరించే సరదా ఉండేది. అవి వాలాక రెక్కలు వెనక్కి మడుచుకున్నట్టు ఈ విమానం కూడా మడుచుకుంటుంది. డి.హెచ్.60కి మాత్ అన్న పేరు అలా వచ్చింది.

ఆ మడతలోనే సగం కిటుకు ఉంది. రెక్కల మొదట్లో ముందువైపు ఉన్న మేకుల్ని లాగేస్తే, వెనకవైపు బందుల మీద రెక్కలు తలుపుల్లా తిరిగి తోక వైపు ఒదిగిపోతాయి. దాదాపు 30 అడుగుల వెడల్పున్న విమానం 10 అడుగుల లోపుకు వచ్చేస్తుంది. ఉత్తరాంధ్రలోని మా రామతీర్థంలో ట్రాక్టరు పెట్టుకునే రేకుల షెడ్డున్న ఏ రైతైనా తలుపు కాస్త వెడల్పు చేయించుకుంటే దాన్ని లోపల పెట్టుకోవచ్చు. ఇద్దరు మనుషులు తోక ఎత్తి తోసుకుపోయేంత తేలిక. సొంత విమానం అనే మాటకు అర్థం వచ్చింది ఇంజనుతో ఎంతో, ఈ మేకులతోనూ అంత.

1925 ఫిబ్రవరి 22 ఆదివారం. స్టాగ్ లేన్‌లో జెఫ్రీయే ఎక్కి కూర్చుని మాత్‌ను మొదటిసారి లేపాడు. దిగాక పెద్దగా సరిదిద్దాల్సిందేమీ కనిపించలేదు. అదే ఏడాది మే 29న కోబమ్, రైలు చేతిలో ఓడిన ఆ కోబమే, మాత్‌లో లండను నుంచి స్విట్జర్లాండులోని జూరిక్‌కు వెళ్లి చీకటి పడేలోగా తిరిగొచ్చాడు. సుమారు 1,000 మైళ్లు, ఒక్క రోజులో. ఈసారి ఏ గూడ్సు బండీ దగ్గరికి రాలేకపోయింది.

బ్రిటిష్ పౌర విమానయాన శాఖలో సెఫ్టన్ బ్రాంకర్ అనే పెద్దమనిషి ఉండేవాడు. దేశంలో విమానం నడపడం వచ్చిన జనం పెరగాలని ఆయన పట్టుదల. ఫ్లయింగు క్లబ్బులకు ప్రభుత్వం నుంచి సాయం ఇప్పించి, నేర్పడానికి మాత్‌లు కొనిపించాడు. దాంతో టైపిస్టులు, దుకాణదారులు, డాక్టర్లు వారాంతాల్లో వచ్చి పాఠాలు చెప్పించుకోవడం మొదలైంది. మొదట 885 పౌన్లున్న విమానం ధర, అమ్మకాలు పెరిగేకొద్దీ కిందికి దిగి 650కి చేరింది. డబ్బున్నవాళ్ల వస్తువే, అందులో సందేహం లేదు. కానీ మహారాజుల వస్తువు మాత్రం కాదు.

ఒక గండం మిగిలే ఉంది. తుక్కు కొట్లోని రెనో సామాన్లు ఎన్నాళ్లొస్తాయి? అమ్మకాలు ఇలా పెరిగితే గోదాము ఖాళీ అవుతుంది. హాల్ఫర్డ్‌తోనే మొదటి నుంచి చివరి దాకా కొత్త ఇంజను గీయించారు. దాని పేరు జిప్సీ, 100 అశ్వశక్తి. జనం నమ్మకం కోసం ఒక ఇంజనును మామూలుగా తయారైన వాటిలోంచి తీసి, విప్పడానికి వీల్లేకుండా సీలు వేసి విమానానికి బిగించారు. 600 గంటలు ఎగిరించాక సీలు తీస్తే, అరిగిన సామాన్లు మార్చడానికి అయిన ఖర్చు 7 పౌన్ల పైచిలుకు. ఆ తర్వాత ఎవరూ సందేహాలు అడగలేదు. 1928 నుంచి జిప్సీ మాత్ అన్న పేరు ప్రపంచమంతా తిరిగింది. తేమకూ ఎండకూ కర్ర పెట్టె ఆగదని దూరదేశాల కోసం ఇనుప గొట్టాల చట్రంతో కూడా చేశారు.

దాన్ని నడపడం ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూద్దాం. మీట తిప్పితే అందుకునే ఇంజను కాదు. చక్రాల ముందు చెక్కలు పెట్టి, ఒకరు ముందు నిలబడి పంకాను చేత్తో తిప్పాలి. సీట్లో ఉన్నవాడు స్విచ్చి వేసి కాంటాక్ట్ అని అరుస్తాడు. ముందున్నవాడు ఒక్క ఊపు ఊపి పక్కకు తప్పుకోవాలి. తప్పుకోకపోతే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. బ్రేకులు లేవు. తోక కింద చక్రానికి బదులు నేలను గీసుకుంటూ వచ్చే ఊతకర్ర. అదే బ్రేకు. ముందు సీటుకూ వెనక సీటుకూ మధ్య మాట్లాడుకోవడానికి రబ్బరు గొట్టం, దాని చివర్లు చెవుల దగ్గర. గురువుగారి తిట్లు గాలి హోరును దాటుకుని నేరుగా చెవిలోకే వచ్చేవి.

మన దేశంలో 1928 నాటికి బొంబాయి, ఢిల్లీ లాంటి చోట్ల క్లబ్బులు వచ్చాయి. 1929 ఫిబ్రవరి 10న బొంబాయిలో జె.ఆర్.డి. టాటా పైలట్ లైసెన్సు అందుకున్నాడు. ఇక్కడ ఇచ్చిన లైసెన్సుల్లో అది 1వ నంబరు. ఆ ఏడాదే ఆగాఖాన్ 500 పౌన్ల బహుమతి ప్రకటించాడు. ఇంగ్లండుకూ ఇండియాకూ మధ్య ఒంటరిగా ఎగిరిన మొదటి భారతీయుడికి ఆ సొమ్ము. 1930లో ముగ్గురు బరిలో దిగారు. ముగ్గురివీ జిప్సీ మాత్‌లే. మన్‌మోహన్ సింగ్ తన విమానానికి మిస్ ఇండియా అని పేరు పెట్టుకున్నాడు. దారి తప్పుతూ దిగుతూ లేస్తూ ఎలాగో చేరాడు గానీ గడువు దాటిపోయింది. పదిహేడేళ్ల ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి ఇటు వస్తున్నాడు. జె.ఆర్.డి. కరాచీ నుంచి అటు వెళుతున్నాడు. ఈజిప్టులో అబూకిర్ దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆస్పీ ఇంజనులో స్పార్క్ ప్లగ్గులు పాడై కదల్లేక ఆగిపోయి ఉన్నాడు. జె.ఆర్.డి. తన దగ్గరున్న అదనపు ప్లగ్గులు తీసి ఇచ్చేశాడు. బదులుగా ఆస్పీ తన ప్రాణరక్షక జాకెట్టు ఇచ్చాడు. ఆస్పీ కరాచీ చేరి బహుమతి గెలిచాడు. ప్లగ్గులిచ్చినవాడు వెనకబడ్డాడు. ఆ ఆస్పీయే తర్వాత స్వతంత్ర భారత వాయుసేనకు అధిపతి అయ్యాడు.

అదే ఏడాది మే నెలలో ఏమీ జాన్సన్ అనే ఇంగ్లిషు యువతి 600 పౌన్లకు కొన్న పాత జిప్సీ మాత్ మీద ఆస్ట్రేలియాకు ఒంటరిగా బయల్దేరింది. ఝాన్సీ దగ్గర పెట్రోలు తగ్గిపోయి సైనికుల కవాతు మైదానంలో దిగింది. రంగూను దగ్గర మైదానం చాలక పంకా, రెక్క దెబ్బతిన్నాయి. అక్కడివాళ్లు గుడ్డ అతికి బాగుచేసి పంపారు. చెప్పుకోదగ్గ సంగతి అదే. పల్లెలో దొరికే సామాన్లతో, చేతిపని వచ్చిన నలుగురితో తిరిగి గాల్లోకి లేవగల యంత్రం అది. ఈనాటి విమానం గురించి ఆ మాట అనలేం.

1932 అక్టోబరు 15న మాత్‌ల కుటుంబంలోదే పుస్ మాత్ అనే మూత ఉన్న విమానం కరాచీ నుంచి ఉత్తరాల సంచీతో లేచింది. నడిపింది జె.ఆర్.డి. అహ్మదాబాదులో ఎద్దుల బండి మీద డబ్బాల్లో పెట్రోలు వచ్చింది. బొంబాయిలో నెవిల్ వింట్సెంట్ అందుకుని బళ్లారి మీదుగా మద్రాసు చేర్చాడు. అప్పటికి బళ్లారి మద్రాసు రాజధానిలో జిల్లా, తెలుగు కన్నడం కలిసి వినబడే ఊరు. మన వైపు నేల మీద క్రమం తప్పకుండా విమానం దిగడం అలా మొదలైంది. క్లబ్బు పాఠాల కోసం పుట్టిన జాతి దేశపు విమాన సర్వీసుకు పునాది వేస్తుందని స్టాగ్ లేన్‌లో ఎవరూ అనుకుని ఉండరు.

ఈలోగా మాత్‌కు చివరి, పెద్ద మార్పు జరిగింది. వాయుసేనకు శిక్షణ విమానం కావాలి, కానీ ఒక అభ్యంతరం. ముందు సీట్లో కూర్చునే గురువు నెత్తిన పై రెక్క, దానిలో పెట్రోలు తొట్టి. ప్రమాదం వస్తే పారాచూట్‌తో బయటికి దూకే సందు లేదు. స్టాగ్ లేన్‌లో ఒక చిన్న షెడ్డులో, ముందుగా బొమ్మలు కూడా గీయకుండా, పై రెక్కను కొద్దికొద్దిగా ముందుకు జరిపి చూశారు. జరిపితే బరువు సమతూకం తప్పింది. అప్పుడు రెక్కల చివర్లను వెనక్కి వంచారు. అలా చేసి చూసి, చూసి చేసి రూపం తెచ్చుకున్న టైగర్ మాత్ 1931 అక్టోబరు 26న ఎగిరింది. ఎడమ రెక్క కర్రకు ఒక చిన్న రేకు ముక్క, దాని వెనక అంకెల పలక. గాలి తోసేకొద్దీ రేకు వంగి వేగం చెబుతుంది. అంతే, వేగం కొలిచే పరికరం! అలాంటి విమానాలు 8,000 పైచిలుకు తయారయ్యాయి.

ఉత్తరాంధ్రకు విమానం పరిచయమైంది మాత్రం ఇంత ముచ్చటగా కాదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం నుంచి జనం మూటాముల్లె కట్టుకుని లోపలి ఊళ్లకు పరుగెత్తారు. విమానం చప్పుడంటే భయం అన్న ముద్ర మా వైపు పాతతరం మనసులో అలా పడింది. ఆ రోజుల్లోనే హైదరాబాదులో బేగంపేట మైదానం మీద టైగర్ మాత్‌లు బారులు తీరి ఉన్నాయి. వాయుసేనలో చేరే కుర్రాళ్లకు ఓనమాలు దిద్దించిన 1వ నంబరు ప్రాథమిక శిక్షణ పాఠశాల అక్కడే నడిచింది.

కర్ర విమానానికి మన వాతావరణం ఎలాంటి శత్రువో కూడా ఆ యుద్ధంలోనే తెలిసింది. డి హావిలాండ్ కంపెనీదే మస్కిటో అనే వేగవంతమైన యుద్ధ విమానం, దానిదీ కర్ర ఒళ్లే. 1944 చివర్లో భారతదేశంలో కొన్నింటి రెక్కలు అతుకుల దగ్గర ఊడిపోయి ప్రమాదాలు జరిగాయి. మిగతా వాటిని ఎగరకుండా ఆపి పరీక్షించారు. అతికింపు పనిలో లోపమా, మన ఎండా తేమా కారణమా అని వాదనలు నడిచాయి. మొదట్లో వాడిన జిగురు పాలలోని కేసీన్‌తో చేసినది. తడికి మెత్తబడి బూజు పట్టే గుణం దానికుంది. తర్వాత రసాయన జిగుర్లు వచ్చాయి. పాత విమానం కొని తెచ్చుకోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ ముందు అడిగేది ఇంజను గురించి కాదు, జిగురు గురించి. రామతీర్థం లాంటి చోట సముద్రపు గాలి, తొలకరి నుంచి కార్తీకం దాకా విడవని చెమ్మ, మధ్యలో తుపాన్లు. షెడ్డు ఉంటే చాలదు, ఆ షెడ్డులో గాలి ఆడాలి. రెక్క కింద నీళ్లు కారిపోవడానికి పెట్టిన చిన్న చిల్లులు మూసుకుపోకుండా చూసుకోవాలి. ఏటా గుడ్డను నొక్కి చూసి, అతుకు అతుకూ తట్టి చూసే ఓపికున్న మనిషి దొరకాలి.

స్వాతంత్ర్యం వచ్చాక మన క్లబ్బులకు మన విమానమే వచ్చింది. హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌ కంపెనీలో వి.ఎం. ఘాటగే బృందం తయారుచేసిన పుష్పక్ 1958 సెప్టెంబరులో ఎగిరింది. 90 అశ్వశక్తి ఇంజను, పక్కపక్కన రెండు సీట్లు, గుడ్డ చుట్టిన రెక్క. 150కి పైగా తయారై దేశమంతటి క్లబ్బుల్లో తిరిగాయి. రామాయణంలోని విమానం పేరు పెట్టుకుని, మాత్ చేసిన పనినే మన దగ్గర చేసింది. ఇప్పుడు పుష్పక్ కూడా పాత విమానాల జాబితాలో చేరిపోయింది.

1982 అక్టోబరు 15న, తొలి టపా విమానానికి 50 ఏళ్లు నిండిన రోజున, 78 ఏళ్ల జె.ఆర్.డి. కరాచీ నుంచి బొంబాయికి మళ్లీ ఎగిరాడు. పుస్ మాత్ తర్వాత వచ్చిన లెపర్డ్ మాత్‌లో, ఒంటరిగా. అప్పటికి ఆకాశం నిండా జంబో జెట్లున్నాయి. ఆ వయసులో ఆ యంత్రంలో కూర్చోవడానికి ఆయన ఒప్పుకోవడం వింత కాదు. ఆయనను కూర్చోబెట్టుకోవడానికి ఆ యంత్రం సిద్ధంగా ఉండడం వింత. దాన్ని ఏళ్ల తరబడి తుడిచి, విప్పి, బిగించి ఉంచిన చేతులు ఎవరివో ఫొటోల్లో కనబడవు. మన వాయుసేన కూడా ఒక టైగర్ మాత్‌ను ఇంగ్లండులో బాగుచేయించుకుని, 2012లో వాయుసేన దినోత్సవం నాడు హిండన్ మీద ఎగరేసింది.

ఇక మా సంగతి. రామతీర్థానికి గాల్లో ఇరవై పాతిక కిలోమీటర్ల దూరంలో భోగాపురం దగ్గర అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయం వచ్చింది. జిప్సీ మాత్‌కైతే అది పది నిమిషాల ప్రయాణం. బేగంపేట సుమారు 530 కిలోమీటర్లు, అంటే రాజమహేంద్రవరంలో ఆగి పెట్రోలు పోసుకుని పోవాల్సిన దూరం. దగ్గర్లోనే కోరుకొండ సైనిక్ స్కూలు ఉంది. విజయనగరం రాజులిచ్చిన కోటలో 1962 నుంచి నడుస్తోంది. అక్కడి పిల్లలు ఎగిరితే యుద్ధ విమానాలే ఎగరాలనుకుంటారు, అది సహజం. ఆదివారం పూట సొంత సరదాకు ఎగరాలనుకునేవాడు కూడా మా వైపు ఒకడు పుట్టకపోడు. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు మన నిబంధనలు అడిగేవి 17 ఏళ్ల వయసు, వైద్య పరీక్ష, గాలి గురించీ దారి గురించీ రాత పరీక్షలు, కనీసం 40 గంటల శిక్షణ. అవన్నీ కష్టపడితే వచ్చేవే. పాత మాత్ ఒకటి సంపాదించాక దాని అతుకులు తట్టి చూసే మనిషిని వెతుక్కోవడం అంతకన్నా పెద్ద పని.